గ్రంథాలయమునకు క్రొత్త వాకిలి

అనంతపురము జిల్లాలో శింగనమల ప్రాంతము మెట్టసేద్యమునకును, వేరుసెనగ పంటకును ప్రసిద్ధి చెందినది. సాలీనా సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే కురియు ఈ జిల్లాలో, పంట చేతికందని సంవత్సరమున రైతు కుటుంబమునకు ప్రతి రూపాయియు లెక్కలోనిదే. అట్టి ఇంటి బిడ్డ పోటీ పరీక్షలకు చదువదలచినచో గ్రంథాలయమే దిక్కు. బస్సెక్కి అనంతపురము పోయి, కోరిన పుస్తకము లేదనియో, ఆనాడు సెలవనియో తెలిసికొని తిరిగివచ్చినచో ఒక దినపు కూలియు, బస్సు ఛార్జీయు వ్యర్థమగును. ఈ నష్టమును తప్పించగల సాధనము గ్రంథాలయ వెబ్‌సైటు.

పాఠకుని ముంగిటికే గ్రంథాలయము రావలెనను ఆశయము తెలుగువారికి క్రొత్తది కాదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడినది. 1935లో పాతూరి నాగభూషణము గారు కొల్లూరు, పెదవడ్లపూడి గ్రామముల మధ్య కాలువపై పడవలో పుస్తకములు పంపిరి. 1960 నాటి పౌర గ్రంథాలయముల చట్టము క్రింద జిల్లా గ్రంథాలయ సంస్థలకు ఇంటి పన్నుతోపాటు సెస్సు వసూలగుచున్నది. కావున గ్రంథాలయము పన్ను చెల్లించు ప్రతి గృహస్థునిదియు. అందు ఏ పుస్తకములున్నవో ఇంటినుండియే తెలిసికొను సౌకర్యము వారికి కలుగవలెను.

అయితే వెబ్‌సైటును ఒకసారి తయారు చేయించి విడిచిపెట్టిన చాలదు. బీరువాలోని పుస్తకములను సర్దు సిబ్బందియే దానినికూడ దినదినము సర్దుచుండవలెను. ఇందుకు వారు ముఖ్యముగా మూడు విషయములు నేర్వవలసియున్నది.

మొదటిది యూనికోడ్ లిపిలో తెలుగు వ్రాయుట. వెనుకటి అచ్చు ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరముల సంకేతములకే తెలుగు అక్షరముల రూపములు తగిలించెడివారు. అట్లు టైపు చేసిన పట్టిక, ఆ ఫాంటు లేని యంత్రములో అర్థము లేని గుర్తులుగా కనిపించును. వెదకినను పుస్తకము దొరకదు. 1991లో వెలువడిన యూనికోడ్‌లో ప్రతి తెలుగు అక్షరమునకును ప్రత్యేక సంఖ్య కలదు. అందువలన గ్రంథాలయములో వ్రాసిన పేరు పాఠకుని ఫోనులోను అదే రూపమున కనిపించును.

రెండవది పేర్లను ఒక పద్ధతిలో వ్రాయుట. శింగనమల మండలములోని తరిమెలలో జన్మించిన విద్వాన్ విశ్వముగారి అసలు పేరు మీసరగండ విశ్వరూపాచారి. ఒక పుస్తకము ఒక పేరు క్రిందను, మరియొకటి వేరొక పేరు క్రిందను చేరినచో, వెదకువారికి సగమే కనిపించును. ‘పెన్నేటి పాట’ అను గ్రంథనామమును కొందరు విడదీసియు, కొందరు కలిపియు వ్రాయుదురు. ఒక రూపమును ప్రధానముగా నిర్ణయించి, తక్కిన రూపములనుండి దానికి దారి చూపవలెను. లేనిచో తన ఊరి కవి తన జిల్లా గ్రంథాలయములోనే లేడని పాఠకుడు భ్రమపడును.

మూడవది చిన్న ఫోనును దృష్టిలో నుంచుకొనుట. పల్లెలో పాఠకునికి కంప్యూటరు ఉండకపోవచ్చును. సిగ్నలును అన్ని చోట్ల బలముగా నుండదు. ప్రకటనను ఫొటో తీసి పెట్టినచో అది తెరచుకొనుటకు ఆలస్యమగును, అందలి మాటలు వెదకుటకును వీలుపడదు. వానినే అక్షరములలో వ్రాసినచో తేలికగా తెరచుకొనును. పని వేళలు, వారపు సెలవు, క్రొత్తగా వచ్చిన పుస్తకములు, ఫోను నంబరు మొదటి పుటలోనే ఉండవలెను. ఆ వివరములను ఏ తేదీన సరిచూచిరో క్రింద తెలుపుట మంచిది.

ఈ పనికి విశేష ధనము అవసరము లేదు. న్యూజిలాండులో హోరోవెనువా అను గ్రామీణ ప్రాంతపు గ్రంథాలయము తన పాత కంప్యూటరు పద్ధతి 2000 సంవత్సరము రాగానే పనిచేయదని గ్రహించి, ‘కోహా’ అను క్రొత్త సాఫ్ట్‌వేరును చేయించుకొని, లోకమునకు ఉచితముగా ఇచ్చినది. మావోరీ భాషలో ఆ మాటకు కానుక అని అర్థము. మన దేశములో జాతీయ సమాచార విజ్ఞాన కేంద్రము ‘ఈ-గ్రంథాలయ’ను రూపొందించినది. ఖరగపూరు ఐ.ఐ.టి. నిర్వహించుచున్న జాతీయ డిజిటల్ గ్రంథాలయము 2018లో జాతికి అంకితమైనది. దానికి మన వెబ్‌సైటునుండి దారి కల్పించినచో, బీరువాలో లేని పుస్తకములు కొన్ని ఫోనులోనే చదువుకొనవచ్చును.

పాఠకుని కాలమును ఆదా చేయుట గ్రంథాలయ ధర్మములలో ఒకటిగా రంగనాథన్ గారు 1931లోనే నిరూపించిరి. మెట్టసీమలో కాలమనగా కూలి డబ్బుకూడ. సిబ్బంది వారమున కొంత సమయము ఈ అభ్యాసమునకు కేటాయించవలెను. అనుభవము గలవారు తోటివారికి నేర్పవలెను. పాఠకులును తప్పు కనిపించినపుడు ఊరకుండక గ్రంథపాలకునికి తెలుపవలెను. సరిదిద్దిన ఒక్కొక్క పేరు ఒక పల్లె విద్యార్థికి ఒక ప్రయాణమును తప్పించును.