ఉగ్రదాడి జరిగితే ముందుగా తెగేదేంటి? భారత్-పాక్ మధ్య ఒక్కో తలుపు ఇలా మూసుకుంది!

ఉగ్రదాడి జరిగిన వెంటనే ఏ దేశమైనా సాధారణంగా నేరుగా యుద్ధానికి దిగదు. అలాగని చేతులు కట్టుకుని కూర్చోదు. ఈ రెండింటి మధ్యలో ఉండేవే దౌత్య చర్యలు. భారత్-పాకిస్థాన్ మధ్య పాతికేళ్లుగా ఇదే నడుస్తోంది.

ఏ దాడికి ఏం తెగింది?

* 2001 పార్లమెంటుపై దాడి: ఇస్లామాబాద్ నుంచి మన హైకమిషనర్‌ను వెనక్కి పిలిచారు. సంఝౌతా ఎక్స్‌ప్రెస్ ఆగింది.
* 2008 ముంబై దాడులు: 166 మంది బలి. అప్పటిదాకా సాగుతున్న సమగ్ర చర్చలకు బ్రేక్ పడింది.
* 2016 ఉరి దాడి: ఇస్లామాబాద్ సార్క్ సదస్సుకు రాలేమని భారత్ తేల్చిచెప్పింది. సదస్సే ఆగిపోయింది. 2014 కాఠ్‌మాండూ తర్వాత సార్క్ శిఖరాగ్ర సమావేశం మళ్లీ జరగలేదు.
* 2019 పుల్వామా: 40 మంది సీఆర్పీఎఫ్ జవాన్లు అమరులయ్యారు. పాక్‌కు మోస్ట్ ఫేవర్డ్ నేషన్ హోదా రద్దయింది. పాక్ సరుకులపై 200 శాతం సుంకం పడింది.

పహల్గామ్ నాటికి మిగిలిందేంటి?

సమస్య ఇక్కడే ఉంది. ఒకసారి తెంచిన బంధాన్ని అతికించకపోతే, మళ్లీ తెంచడానికి ఏమీ ఉండదు. 2019 ఆగస్టులో ఆర్టికల్ 370 రద్దు తర్వాత పాక్ మన హైకమిషనర్‌ను పంపించేసింది, వ్యాపారం ఆపేసింది. అప్పటి నుంచి రెండు రాజధానుల్లోనూ హైకమిషనర్లు లేరు.

2025 ఏప్రిల్ 22న పహల్గామ్‌లో 26 మందిని ఉగ్రవాదులు కాల్చిచంపారు. మృతుల్లో ఇద్దరు ఏపీ వాళ్లు. వెనక్కి పిలవడానికి రాయబారి లేరు, రద్దు చేయడానికి హోదా లేదు. దాంతో ఢిల్లీ మరో మెట్టు పైకెక్కింది. మూడు యుద్ధాల్లోనూ చెక్కుచెదరని 1960 నాటి సింధు జలాల ఒప్పందాన్ని పక్కనపెట్టింది. అటారీ చెక్‌పోస్టు మూసేసింది. హైకమిషన్ సిబ్బందిని 55 నుంచి 30కి కుదించింది. మర్నాడే పాక్ తన గగనతలం మూసింది. మే 7న ఆపరేషన్ సిందూర్.. మే 10న కాల్పులకు బ్రేక్.

నష్టం ఎవరికి?

ముందు దెబ్బ తగిలేది మామూలు జనానికే. వైద్యం కోసం వచ్చిన పేషెంట్లు, సరిహద్దుకు అటూ ఇటూ పెళ్లి సంబంధాలున్న కుటుంబాలు రోజుల గడువులో తిరుగు ప్రయాణం కట్టాల్సి వచ్చింది.

ఇంకా తెగనివి ఇవే

రెండు సైన్యాల డీజీఎంవోల హాట్‌లైన్ ఉంది. మే 10న కాల్పుల విరమణ కుదిరింది ఆ ఫోన్‌కాల్‌తోనే. 1992 నుంచి ఏటా జనవరి 1న అణుకేంద్రాల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటున్నారు. ఖైదీలు, మత్స్యకారుల జాబితాలు ఏడాదికి రెండుసార్లు చేతులు మారుతాయి. 2018లో పాక్‌కు చిక్కిన ఉత్తరాంధ్ర మత్స్యకారుల్లో 20 మంది 2020 జనవరిలో విడుదలయ్యారు. పుల్వామా దాడి జరిగినప్పుడు వాళ్లు పాక్ జైల్లోనే ఉన్నారు. రాయబారులు లేకున్నా హైకమిషన్ ఆఫీసు తెరిచి ఉండటం ఎందుకు అవసరమో ఆ కుటుంబాలకు బాగా తెలుసు.