దోషానికీ ఒక లెక్క ఉంది

సైన్సు చదివే పిల్లల రికార్డు పుస్తకాలు తిరగేస్తే నాకొక అనుమానం కలుగుతుంది. పడే వస్తువు వేగం సెకండు సెకండుకూ ఎంత పెరుగుతుందో చెప్పేది గురుత్వ త్వరణం. అది అందరికీ చక్కగా 9.8 మీటర్లే వచ్చి కూర్చుంటుంది! ప్రయోగం చేసి జవాబు రాశారో, జవాబు రాసుకుని ప్రయోగం నడిపారో భగవంతుడికే తెలియాలి. తెలుగు చెప్పుకునే నాకు ఇందులో ఒక మాటతో పేచీ ఉంది. కొలతలో వచ్చే తేడాకు మనవాళ్లు ‘దోషం’ అని పేరు పెట్టారు. దోషమనగానే ఎవరికైనా దాచుకోవాలనే ఉంటుంది. నిజానికి అది దాచవలసినది కాదు, కొలవవలసినది.

ఎలాగో చూడండి. మేడమీద అయిదు మీటర్ల ఎత్తు కొలిచి, కింద ఇసుకబస్తా పరచి, ఎవరూ లేకుండా చూసి, బరువైన చిన్న గుండును జారవిడవండి. ఎత్తును రెట్టింపు చేసి, పట్టిన కాలపు వర్గంతో భాగిస్తే త్వరణం వస్తుంది. అసలు కాలం ఒక సెకండు పైన ఏ కాస్తో. సెల్‌ఫోన్‌లోని స్టాప్‌వాచి 1.1 చూపితే జవాబు 8.3, 0.9 చూపితే 12.3! కాలంలో పదోవంతు తేడా ఫలితంలో ఇంచుమించు అయిదోవంతు అవుతున్నదన్నమాట. టేపు అయిదు సెంటీమీటర్లు అటూఇటూ అయినా నూటికి ఒక్కపాలే తేడా. కనుక జాగ్రత్తంతా గడియారం మీద పెట్టాలి.

పదిసార్లు పడేసి సగటు తీస్తే పోదా? ఒకసారి ముందుగా, ఒకసారి వెనుకగా నొక్కే చేతికి ఆ మందు పనిచేస్తుంది. చప్పుడు విన్నాక నొక్కే చెయ్యి మాత్రం ప్రతిసారీ ఆలస్యమే చేస్తుంది. నూరుసార్ల సగటులోనూ ఆ ఆలస్యం అలాగే ఉంటుంది. దానికి వేరే ఉపాయం. నాలుగోవంతు ఎత్తునుంచి, అంటే 1.25 మీటర్లనుంచి కూడా పదిసార్లు వదలండి. అక్కడ పట్టే కాలం సరిగ్గా సగం. సగటున పైనుంచి 1.1, కిందనుంచి 0.6 వచ్చాయనుకుందాం. రెంటిలోనూ ఆలస్యం ఒకటే గనుక, తీసివేస్తే అది కాస్తా ఎగిరిపోతుంది. మిగిలిన 0.5 సెకండే చిన్న ఎత్తుకు అసలు కాలం. లెక్కకడితే త్వరణం 10!

ఇంత శ్రమ ఎందుకంటారా? 1672లో జాఁ రిషే అనే ఫ్రెంచి ఖగోళ శాస్త్రజ్ఞుడు దక్షిణ అమెరికాలోని కయెన్‌కు వెళ్లాడు. పారిస్‌లో సరిచేసిన లోలకపు గడియారం అక్కడ రోజుకు సుమారు రెండున్నర నిమిషాలు వెనకబడింది. గడియారంలో ఏదో లోపమని సరిపెట్టుకుంటే కథ అక్కడితో సరి. ఆయన నెలల తరబడి మళ్లీ మళ్లీ పరీక్షించి, ఉన్నదున్నట్టు రాశాడు. 1687లో న్యూటన్ దానికి కారణం చెప్పాడు. భూమి తిరుగుతున్నది, నడుమ ఉబ్బి ఉన్నది. అందుకే అక్కడ వస్తువులు కొంచెం మెల్లగా పడతాయి. భూమధ్యరేఖ వద్ద 9.78, ధ్రువాల వద్ద 9.83 అని ఇవాళ మనకు తెలుసు. తన దోషమెంతో ఎరిగినవాడికే ఇంత సన్నని తేడా కనిపిస్తుంది.

మీ అబ్బాయో అమ్మాయో 9.3 తెచ్చి, పక్కన ‘అటూఇటూ 0.6’ అని రాస్తే కోప్పడకండి. 9.8 ఆ హద్దుల్లోనే ఉంది. కొలవకుండా 9.8 రాసినవాళ్లకంటే వాళ్లకే మార్కులు ఎక్కువ పడాలి.