పిల్లల రాతలు అచ్చుకెళ్ళే ముందు



అమ్మాయి బడినుంచి వస్తూనే "అమ్మా, నా వ్యాసం పుస్తకంలో వేస్తారట, ఇక్కడ సంతకం పెట్టు" అంటూ కాగితం చేతికిస్తుంది. మనం పొయ్యిమీద కూర చూసుకుంటూనే సంతకం గీకేస్తాం. బిడ్డ పేరు అచ్చులో చూసుకోవడం సంతోషమే గదా! అయినా ఆ సంతకం ఎందుకో తెలుసుకోవద్దూ?

అసలు ఆ వ్యాసం ఎవరిది? రాయించింది బడి, దిద్దింది టీచరు, కాబట్టి వాళ్ళదేననుకుంటాం. కాదండీ. మన 1957 కాపీరైటు చట్టం ప్రకారం రాసినవారే మొదటి హక్కుదారులు. మూడో తరగతి కుర్రాడు రాసిన కథయినా సరే, అది వాడిదే. అయితే 18 ఏళ్ళు నిండనివారు చేసుకున్న ఒప్పందం చెల్లదని 1903లోనే ప్రీవీ కౌన్సిల్ తీర్పు చెప్పింది. అందుకని వాళ్ళ తరఫున మన సంతకం కావాలి.

ఇంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటుంది. "మా ఇల్లు" అని వ్యాసం రాయమంటే పిల్లలు ఉన్నదున్నట్టు రాసేస్తారు. నాన్నకు ఉద్యోగం పోయిందనీ, అమ్మా నాయనమ్మా మాట్లాడుకోవడం లేదనీ రాస్తారు. టీచరుకు అది నిజాయితీగల రచన. అచ్చయితే పక్కింటివారూ చదువుతారు. తోటిపిల్లలు ఆ మాటే పట్టుకుని ఏడిపించారనుకోండి, ఆ బిడ్డ మళ్ళీ మనసులో మాట కాగితం మీద పెడుతుందా? పుస్తకమైతే కొన్నాళ్ళకు అటకెక్కుతుంది. ఇంటర్నెట్టులో పెడితే పదేళ్ళ తర్వాత కూడా పేరు కొట్టి వెతికితే బయటపడవచ్చు. పిల్లల వ్యక్తిగత వివరాలు కంప్యూటర్లలో వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలని 2023లో పార్లమెంటు చేసిన చట్టంలోనూ ఉంది.

అలాగని వద్దనమని కాదు నేను చెప్పేది. నాలుగు మాటలు అడిగి సంతకం పెట్టండి. ఏ రచన వేస్తున్నారు? దిద్దాక ఒకసారి చూపిస్తారా? పేరుతోపాటు ఊరు, ఫొటో కూడా వేస్తారా? ఈ ఒక్క పుస్తకానికేనా, ఇంకెక్కడైనా వాడుకుంటారా? హక్కులు రాసిచ్చే కాగితమైతే గడువు కూడా వేయించండి. గడువు లేకపోతే చట్టం అయిదేళ్ళుగా లెక్కకడుతుంది.

అన్నిటికన్నా ముందు అమ్మాయినే అడగండి. "ఇది అందరూ చదవడం నీకిష్టమేనా?" అనండి. మీరు సరేనన్నా తను వద్దంటే ఆపించడమే న్యాయం. పేరు వద్దంటే మారుపేరుతో వేయమనవచ్చు. ఇంటిగుట్టు తెలిపే వాక్యాలుంటే, తను ఒప్పుకున్నాకే తీయించండి.

ఇంకొక్క మాట. మన పరువు కోసం పిల్ల రాతను మనమే మార్చేయడం తగదు. అచ్చు వేయవద్దని చెప్పే హక్కు మనకుంది. తను రాయని మాటను తన పేరున వేయించే హక్కు మాత్రం టీచరుకీ లేదు, మనకీ లేదు.