అశ్వపరీక్ష

ప్రాచీన భారతదేశంలో రాజకుమారులు నేర్వవలసిన విద్యలలో రత్నపరీక్ష, గజపరీక్షలతో పాటు అశ్వపరీక్ష కూడా చేరి ఉండేది. రత్నాన్ని వెలుగులో పట్టి చూడవచ్చు; బంగారాన్ని ఒరగల్లుపై గీసి చూడవచ్చు. గుర్రం అట్లా కాదు. అది ప్రాణమున్న జీవి. అమ్మేవాని చేతిలో ఒక విధంగాను, కొన్నవాని ఇంట మరొక విధంగాను ప్రవర్తిస్తుంది. తన నొప్పిని నోటితో చెప్పుకోలేదు. పైగా, వేటాడే మృగాలకు తన బలహీనత తెలియకుండా దాచుకోవడం దాని జాతిస్వభావం. అందువల్ల గుర్రాన్ని కొనే ముందు చూడవలసిన తీరు, ఎక్కి పరీక్షించవలసిన తీరు ఒక శాస్త్రంగా పెరిగాయి.

దక్షిణాపథంలో ఈ శాస్త్రం అవసరం మరీ ఎక్కువ. ఇక్కడి రాజ్యాల అశ్వబలం చాలవరకు సముద్రం దాటి వచ్చిన గుర్రాల మీదనే ఆధారపడింది. వనాయుజాలు, పారసీకాలు, కాంభోజాలు, బాహ్లికాలు అని అమరకోశం గుర్రాలను అవి పుట్టిన దేశాలను బట్టి పేర్కొన్నది. మన కావ్యాలలో కనిపించే 'తేజీ' అనే మాట కూడా అరబ్బు గుర్రాన్ని తెలిపే పారసీక పదం నుండి వచ్చినదే. సంస్కృతంలోని తేజస్సుతో దానికి సంబంధం ఉన్నట్లు తోచడం ధ్వనిసామ్యం వల్ల కలిగే భ్రాంతి. 13వ శతాబ్ది చివర దక్షిణదేశాన్ని చూచిన మార్కోపోలో, పాండ్యరాజులు ఏటా వేల గుర్రాలను కొంటారనీ, ఏడాది తిరిగేసరికి వాటిలో కొన్ని వందలే మిగులుతాయనీ వ్రాశాడు. గుర్రాలకు మాంసం కలిపి వండిన అన్నం పెడతారనీ, వాటి కాళ్ళను సంరక్షించడం తెలిసినవారు ఆ దేశంలో లేరనీ, అట్టివారిని అక్కడికి రానీయకుండా వర్తకులే జాగ్రత్తపడతారనీ కూడా ఆయన చెప్పాడు. గుర్రాలు చచ్చినకొద్దీ మళ్ళీ బేరం తగులుతుంది కదా!

విజయనగర చరిత్రలో ఇంతకంటె వింతైన బేరం ఒకటి ఉన్నది. పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ వ్రాసినదాని ప్రకారం, సాళువ నరసింహరాయలు ఓడలలో వచ్చే గుర్రాలను బ్రతికి ఉన్నా చచ్చినా కొనేవాడు. దారిలో చచ్చినవాటి తోకలను తెచ్చి చూపితే చాలు, వెల చెల్లించేవాడు. ఇది అమాయకత్వం కాదు. సముద్రప్రయాణంలోని నష్టాన్ని తాను భరించకపోతే వర్తకులు గుర్రాలను శత్రురాజుల రేవులకు తరలిస్తారని ఆయనకు తెలుసు. శ్రీకృష్ణదేవరాయలు సైతం ఆముక్తమాల్యదలోని రాజనీతిలో, గుర్రాలను ఏనుగులను తెచ్చే దూరదేశ వర్తకులను ఆదరించి, ఆ సరకు శత్రువులకు చేరకుండా చూడాలని చెప్పాడు. రాజ్యం కోసం గుర్రాలను మందలుగా కొనే రాజుకు తోక చూచి వెల ఇచ్చే స్థోమత ఉన్నది. ఒకే ఒక గుర్రాన్ని కొని, దానిపై తన ప్రాణాన్నో బ్రతుకుతెరువునో నిలుపుకునే మనిషికి అది లేదు. అశ్వపరీక్ష నిజంగా అవసరమైనది అతనికే.

అశ్వశాస్త్ర కర్తలలో శాలిహోత్రుడు ప్రథముడని సంప్రదాయం. పాండవులలో నకులుడు ఈ విద్యలో నేర్పరి. దామగ్రంథి అనే పేరుతో విరాటుని అశ్వశాలలో చేరినది ఆయనే. తెలుగులో మనుమంచి భట్టు హయలక్షణాలను పద్యాలలో చెప్పాడు. ఈ సంప్రదాయంలో రెండు పాయలు కలిసి ప్రవహిస్తాయి. ఒకటి శుభాశుభ లక్షణాల పాయ. గుర్రం ఒంటిపై వెంట్రుకల సుడులు ఎక్కడ ఉంటే యజమానికి మేలు, ఎక్కడ ఉంటే కీడు అనే విచారం ఇందులోనిది. మెడపై ఉండే సుడికి 'దేవమణి' అని పేరు. నాలుగు కాళ్ళూ ముఖమూ తెల్లనైన గుర్రం పంచకల్యాణి. మన జానపద కథలలో రాకుమారుడు ఎక్కేది ఎప్పుడూ ఈ పంచకల్యాణినే. రెండవది దేహపరీక్షా, గతిపరీక్షా చేసే పాయ. ఆస్కందితం, ధౌరితకం, రేచితం, వల్గితం, ప్లుతం అని గుర్రపు నడకలను పంచధారలుగా విభజించి చూచినది ఈ దృష్టి. సుడులను నమ్మి బేరమాడేవారు ఉత్తరాది గుర్రపు సంతలలో నేటికీ ఉన్నారు. సుడి వల్ల గుర్రానికి గుర్తింపు చిక్కుతుంది. దాని కాలి బలం తెలియదు. నా దృష్టిలో ఈ రెండు పాయలను వేరుచేసి చూడగలగడమే అశ్వపరీక్షలో మొదటి మెట్టు.

ఈ విషయాన్ని నలోపాఖ్యానం కంటె చక్కగా చూపే కథ మరొకటి లేదు. శ్రీనాథుని శృంగారనైషధం నలదమయంతుల సుఖజీవనంతోనే ముగుస్తుంది కనుక, దానిని మాత్రమే చదివినవారికి బాహుకుడు తారసపడడు. భారతంలోని అరణ్యపర్వం చదివితే కనిపిస్తాడు. రాజ్యం పోగొట్టుకొని, రూపం మారిన నలుడు బాహుకుడనే పేరుతో అయోధ్యాపతి ఋతుపర్ణుని కొలువులో సారథిగా ఉంటాడు. దమయంతికి మరునాడే ద్వితీయ స్వయంవరమన్న వార్త వస్తుంది. విదర్భ నూరు యోజనాల దూరం. ఒక్క పగటిలో చేరాలి. రాజు తొందరపెడుతున్నా బాహుకుడు అశ్వశాలకు పోయి, ఒక్కొక్క గుర్రాన్ని నిలిచి పరీక్షించి, చివరకు నాలుగు బక్క గుర్రాలను ఎంచి తెస్తాడు. రాజుకు కోపం వస్తుంది. ఊపిరి చాలని ఈ గుర్రాలు ఇంత దూరం ఎట్లా మోస్తాయని నిలదీస్తాడు.

బాహుకుడు చూచినదేమిటి? అవి సన్ననివే కాని దారికి ఓర్చగలవి, జాతి గలవి, ముక్కుపుటాలు విశాలమైనవి, దవడలు పెద్దవి, సింధుదేశంలో పుట్టినవి. దశావర్తాల శుద్ధిని కూడా అతడు పేర్కొన్నాడు, అంటే సుడులను వదలలేదు. అయితే వాటిలో ముక్కుపుటాల మాట ప్రత్యేకంగా గమనించదగినది. గుర్రం నోటితో ఊపిరి పీల్చలేదు. దానికి గాలి అందేది ముక్కుతోనే. కావ్యకథలో చెప్పిన ఈ లక్షణాన్ని నేటి పశువైద్యుడు కూడా తోసిపుచ్చడు. వేరే గుర్రాలు కావాలంటే చెప్పండి, వాటినే కడతానని బాహుకుడు అన్నప్పుడు, ఋతుపర్ణుడు తన కోపాన్ని దిగమింగి, తెలిసినవాడివి నీవే, నీకు తగినవాటినే కట్టు అంటాడు. ఇది రాజు గొప్పతనం. రథం ఎక్కగానే ఆ గుర్రాలు మోకాళ్ళపై కూలబడతాయి. బాహుకుడు వాటిని నిమిరి, పగ్గాలతో లేపి, తోలుతాడు. రాజు ఉత్తరీయం జారిపడిందని చెప్పేలోగా రథం ఒక యోజనం దాటిపోతుంది. బలిసిన దేహం బలమైన దేహం కాదని ఋతుపర్ణుడు తెలుసుకున్నది అక్కడే.

నేటి కొనుగోలుదారుడు చేయవలసినదీ ఇట్టి నిదానపు పరీక్షే. చెప్పిన సమయానికి కొంత ముందుగానే వెళ్ళడం మంచిది. జీను వేసి, నాలుగు చుట్లు తిప్పి, చెమట తుడిచి సిద్ధంగా నిలిపిన గుర్రాన్ని చూస్తే అసలు సంగతి తెలియదు. కీళ్ళ బిగువు శరీరం వేడెక్కాక సడలిపోతుంది, కుంటి మాసిపోతుంది. కట్టుగొయ్య దగ్గర, చల్లని ఒంటితో, తన మానాన తానున్న గుర్రాన్ని చూడాలి. గుర్రంతో పాటు అది ఉన్న చోటునూ చూడాలి. దాణాతొట్టి అంచు కొరికి ఉంటే, అది కొయ్యను కరచిపట్టి గాలి మింగే అలవాటున్న గుర్రం కావచ్చు. ముందరి పళ్ళ అరుగుదల కూడా ఆ సంగతి చెబుతుంది.

పళ్ళు చూచి వయస్సు చెప్పడం పాత విద్య. గుర్రానికి ముందరి పాలపళ్ళు ఊడి శాశ్వతదంతాలు వచ్చే క్రమం ఉన్నది. నడిమి జత సుమారు రెండున్నర ఏళ్ళకు, దాని పక్క జత మూడున్నరకు, చివరి జత నాలుగున్నరకు వస్తాయి. అయిదేళ్ళకు నోరు నిండుతుంది. ఆ పళ్ళ పైభాగాన ఉండే నల్లని గుంటలు క్రింది దవడలో ఆరు, ఏడు, ఎనిమిది ఏళ్ళకు వరుసగా అరిగిపోతాయి. ఆపైన ఖచ్చితంగా చెప్పడం కష్టం. పై దవడ చివరి పంటిపై సుమారు పదేళ్ళకు ఒక గాడి మొదలై, పదిహేనేళ్ళకు సగం వరకు, ఇరవై ఏళ్ళకు పంటి పొడుగునా దిగుతుంది. వంచకులు ముసలి గుర్రపు పళ్ళను తొలిచి, కాల్చి, దొంగగుంటలు చేసిన సందర్భాలు లోకంలో ఎన్నో ఉన్నాయి. కాని గుంటను సృష్టించగలిగినవాడు పంటి వాలును మార్చలేడు. వయస్సు మీరినకొద్దీ ముందరి పళ్ళు ముందుకు వాలుతాయి.

తరువాత కాళ్ళు. గుర్రపు బరువులో సుమారు అరవై శాతం ముందరి కాళ్ళ మీదనే ఉంటుంది. మోకాలి క్రింద వెనుకవైపు సాగే నరాన్ని రెండు వేళ్ళతో నొక్కుతూ దిగాలి. వేడి, వాపు, గట్టిదనం చేతికి తెలుస్తాయి. ఎదుటి కాలితో పోల్చి చూడడం మరువరాదు. ప్రతి డెక్కనూ ఎత్తించి, అడుగున ఉండే ముక్కోణపు మెత్తని భాగాన్ని చూడాలి. దుర్వాసన, నల్లని స్రావం ఉంటే అక్కడ కుళ్ళు పట్టినదని గుర్తు. లాడం ఒకవైపు ఎక్కువగా అరిగితే నడక వంకరగా ఉన్నదని అర్థం. అన్నింటికంటె ముఖ్యమైనది ఆ గుర్రం కాలు ఎత్తనిస్తున్నదా లేదా అన్నది.

కుంటిని పట్టుకునేది నడకలో కాదు, నడకకూ దౌడుకూ నడుమ ఉండే చిన్న పరుగులో. ఆ పరుగులో కాళ్ళు ఐమూలగా జతలై పడతాయి కనుక రెండు పక్కలా తాళం సమంగా వినిపించాలి. గట్టి నేలపై, పగ్గం వదులుగా పట్టించి, దూరంగా పరుగెత్తించి, తిరిగి మనవైపు రప్పించాలి. నొప్పి ఉన్న ముందరికాలు నేలకు తగిలినప్పుడు గుర్రం తల పైకెత్తుతుంది. మంచి కాలు తగిలినప్పుడు తల దించుతుంది. భారాన్ని నొప్పి కాలిపై పడనీయకుండా తప్పించుకునే ప్రయత్నం అది. వెనుకకాలి కుంటి అయితే తుంటి ఎగసిపడుతుంది. పగ్గాన్ని గడ్డం దగ్గర బిగించి పట్టి పరుగెత్తించే అమ్మకందారు ఈ తల ఊపునే దాస్తున్నాడు. అక్కడ మొహమాటపడకుండా పగ్గం వదలమని అడగాలి.

ఎక్కి చూడడం చివరిది. మొదట అమ్మేవాని మనిషి ఎక్కాలి. తన మనిషిని ఎక్కించడానికి వెనుకాడే గుర్రాన్ని మనం ఎక్కవలసిన పని లేదు. జీను వేసేటప్పుడు చెవులు వెనుకకు విరిచి కరవబోతున్నదా, ఎక్కేవరకు కదలక నిలుస్తుందా, తోటి గుర్రాలను వదలి ఒంటరిగా సాలె దాటి పోతుందా అన్నవి చూడాలి. మందను విడిచి పోవడానికి భయపడడం గుర్రపు స్వభావమే కాని, రౌతు మాట ఆ భయాన్ని మించాలి. దౌడు తీయించిన తరువాత ఊపిరి వినాలి. విశ్రాంతిలో ఉన్న గుర్రం నిమిషానికి 8 నుండి 16 సార్లు శ్వాసిస్తుంది. శ్రమ తరువాత అది ఎంత త్వరగా ఆ స్థితికి దిగివస్తుందో చూస్తే దాని సత్తువ తెలుస్తుంది. గొంతులో గురగుర ధ్వని వినవస్తే వైద్యుని పిలవాలి. వీలైతే మరునాడు చెప్పకుండా మళ్ళీ వెళ్ళాలి. మత్తుమందుతో శాంతించిన గుర్రం మరునాడు అట్లా ఉండదు.

గుర్రాన్ని ఏ పనికి కొంటున్నామో ఆ పనిలోనే పరీక్షించాలి. హైదరాబాదు పెళ్ళి ఊరేగింపులకు కొనే గుర్రం నిశ్శబ్దమైన మైదానంలో ఎంత సాధువుగా ఉన్నా ప్రయోజనం లేదు. మర్ఫా వాద్యాల మ్రోత, బాణసంచా, దీపాల కాంతి, వీపుపై భయపడుతున్న పెళ్ళికొడుకు, ఎదుట చిందులు వేసే పిల్లలు ఉన్నప్పుడు అది నిలవాలి. అక్కడ బెదిరితే పోయేవి మనుషుల ప్రాణాలు. తెల్ల గుర్రానికి వెల ఎక్కువ పలుకుతుంది. అయితే మనం తెల్లవని పిలిచే గుర్రాలలో చాలా వరకు పుట్టుకతో ముదురు రంగువి; ఏళ్ళు గడిచినకొద్దీ నెరసి తెల్లబడినవి. అట్టివాటికి వయస్సు మీరాక తోక క్రింద నల్లని కణుతులు రావడం సాధారణం. కనుక తోక ఎత్తి చూడాలి. పుట్టుకతోనే గులాబీరంగు చర్మం గల తెల్ల గుర్రానికి మన ఎండ గిట్టదు.

కంటికీ చేతికీ అందని దోషం ఒకటి మిగులుతుంది. గ్లాండర్స్ అనే అంటువ్యాధి గుర్రాల నుండి మనుషులకూ సోకి ప్రాణం తీయగలదు. మనదేశంలో 2006 నుండి అది పలుమార్లు తలెత్తింది. వ్యాధి నిర్ధారణ అయిన గుర్రాన్ని చట్టప్రకారం చంపవలసిందే. అందువల్ల రక్తపరీక్ష జరిగిన పత్రం లేని గుర్రాన్ని, ఎంత చౌక అయినా, ఇంటికి తోలుకురాకూడదు. హర్యానాలోని హిస్సార్‌లో ఉన్న జాతీయ అశ్వపరిశోధన కేంద్రంలో ఈ పరీక్ష చేస్తారు.

రాజస్థాన్‌లోని పుష్కర్‌లో కార్తిక పూర్ణిమకు, మహారాష్ట్రలో తాపీనది ఒడ్డున సారంగఖేడాలో దత్తజయంతికి గుర్రాల సంతలు జరుగుతాయి. చెవుల కొసలు లోపలికి వంగి ఒకదానికొకటి తగిలే మార్వాడీ, కాఠియావాడీ గుర్రాలను అక్కడ చూడవచ్చు. సంతలో బేరం త్వరపెడుతుంది. పక్కవాడు ఎక్కువ ఇస్తానంటాడు, పొద్దు వాలుతుంటుంది. అనుభవజ్ఞులు మొదటిరోజు ఏమీ కొనరు. ఉదయం మేత వేసే వేళకు ఒకసారి, ఎండ పొడుగున ఒకసారి, రాత్రి గుర్రాలు పడుకునే వేళకు మరొకసారి అదే వరుసలో నడచివస్తారు. మూడుసార్లూ ఒకే కాలిని ఎత్తి బరువు తప్పించి నిలిచిన గుర్రం ఏదో గుర్తుపెట్టుకుంటారు. దానిని గురించి అమ్మేవానితో ఒక్క మాట అనరు. దాని పక్కనున్న గుర్రం వెల అడుగుతారు.