వయసైందిలే అనేయకండి!

అరవై దాటిన ఆడమనిషి తాళాలగుత్తి కోసం రెండుసార్లు వెతికితే చాలు, ఇంట్లో అందరికీ లోకువే. "వయసైందిలే" అనేస్తారు. పాల లెక్క కోడలి చేతికి, చీటీ డబ్బు కొడుకు చేతికి వెళ్లిపోతాయి. పనే లేని బుర్రకు పదునెక్కడి నుంచి వస్తుంది చెప్పండి?

ఆళ్లగడ్డలో ఉండే మా అమ్మ విషయంలో జరిగిందీ ఇదే. "యాడ పెట్టినానో గుర్తు రావడం ల్యా" అనడం ఎక్కువైంది. తమ్ముడు ఆవిణ్ణి బజారుకు పంపడం మాన్పించాడు. తీరా నంద్యాల తీసుకొచ్చి పరీక్షలు చేయిస్తే, బి12 విటమిన్ బాగా తగ్గింది, ఒక చెవి సరిగా వినపడటం లేదు! మనం చెప్పామనుకుంటాం, ఆవిడకు చేరనే లేదు. చెవిన పడని మాట గుర్తుండేదెలా? థైరాయిడ్ లోపం, మనోవ్యాకులత, కొన్ని నిద్రమాత్రలు కూడా మతిమరుపు తెస్తాయి. వీటిలో చాలావరకు సరిచేసుకోగలిగినవే. ముందు పరీక్ష, తర్వాతే బిరుదులు!

డిమెన్షియా కేసుల్లో దాదాపు 45 శాతాన్ని నివారించడమో, వాయిదా వేయడమో సాధ్యం కావచ్చని 2024లో 'లాన్సెట్' కమిషన్ అంచనా వేసింది. అదుపు చేయవలసిన 14 అంశాల్లో వినికిడి లోపం, చూపు తగ్గడం, బీపీ, షుగరు, ఒంటరితనం ఉన్నాయి. కళ్లజోడు మార్పించడం కూడా జ్ఞాపకశక్తికి వైద్యమేనన్నమాట.

మన హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించింది. ఒక్క భాషే వచ్చినవారికన్నా రెండు, అంతకు మించి భాషలు మాట్లాడేవారికి జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందట. చదువు రానివాళ్లలోనూ తేడా కనిపించింది. తర్వాతి పరిశోధనలన్నీ ఒకే మాట చెప్పలేదు కానీ, నాకు మాత్రం నంద్యాల బజార్లో తెలుగులో మొదలెట్టి ఉర్దూలో బేరం తెంపే పెద్దమ్మలే గుర్తొచ్చారు!

లండన్ టాక్సీ డ్రైవర్లు వేల వీధులు కంఠతా పడతారు. వాళ్ల మెదడులో దారులను గుర్తుపెట్టుకునే హిప్పోక్యాంపస్ వెనుక భాగం పెద్దదిగా ఉందని 2000లో ఎలినార్ మగ్వైర్ బృందం చూపింది. మనకూ దారులున్నాయి. నంద్యాల వాళ్లకు ప్రథమనంది నుంచి మహానంది దాకా నవనందులు, ఆళ్లగడ్డ వాళ్లకు అహోబిలంలో నవనారసింహులు. అమ్మ ఇప్పుడు బజారు సరుకుల్ని ఆ క్షేత్రాలకు కట్టేసుకుంటోంది. జ్వాలా నరసింహుడి దగ్గర ఎండుమిరపకాయలు, మాలోలుడి దగ్గర లక్ష్మీదేవి ఉంటుంది కాబట్టి పసుపు. అపచారమంటారేమో! చీటీ రాసుకుని వెళ్తుంది, కానీ ఇంటికొచ్చాకే తీసి సరిచూసుకుంటుంది. పదిలో ఎనిమిది తెస్తే ఆ పూట ఆవిడ ఠీవి చూడాలి. పాల లెక్క మళ్లీ తనే రాస్తోంది, తమ్ముడి గొణుగుడు తమ్ముడిదే.

తాళాలు మరవడం వేరు, తాళం దేనికో తెలియకపోవడం వేరు. అడిగిందే పదేపదే అడగడం, రోజూ నడిచే వీధిలో దారి తప్పడం, ఎన్నేళ్లుగానో చేసే పులుసు తీరు మరిచిపోవడం కనిపిస్తే న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లాల్సిందే. వాడే మందులన్నీ, కాళ్లనొప్పులకు మింగే బిళ్లలతో సహా, ఓ సంచిలో వేసుకెళ్లండి. ఎప్పటి నుంచి ఏం మారిందో చెప్పడానికి పెద్దావిడతో రోజూ ఇంట్లో ఉండేవాళ్లే తోడు వెళ్లడం మంచిది.