పాత కెమెరా అమ్మాలా? ముందు గీత చూపించండి!

ఎల్లారెడ్డిలో మాది చిన్న ఫొటో స్టూడియో. ఏడేళ్లుగా పెళ్లిళ్లకీ ఫంక్షన్లకీ నా మెడలో ఉన్నది ఒకటే కెమెరా... నికాన్ డీ750. ఇప్పుడేమో పెళ్లివాళ్లు ‘ఫొటోలు సరే అన్నా, రీల్స్ కూడా కావాలె’ అంటున్నారు. మిర్రర్‌లెస్ కొనక తప్పలేదు. దాని డౌన్ పేమెంట్ కోసం పాతది అమ్మాలి. అదీ ముహూర్తాలు మొదలయ్యేలోపే!

గూగుల్‌లో దొరికిన కంపెనీ ఫొటో పెట్టి, ‘సూపర్ కండిషన్’ అని ఆన్‌లైన్‌లో ప్రకటన ఇచ్చా. వారమంతా ‘లాస్ట్ ప్రైస్ ఎంత బ్రో?’ అన్న మెసేజ్‌లే.

పిన్ కొట్టబోయా!

ఎనిమిదో రోజు ఒకాయన ఫోన్ చేశాడు. ఆర్మీలో పనిచేస్తాడట. బేరమే ఆడలేదు. క్యూఆర్ కోడ్ పంపి, ‘స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బు మీ ఖాతాలో పడుతుంది’ అన్నాడు. కొట్టబోతుంటే మా తమ్ముడు ఫోన్ గుంజుకున్నాడు. ‘‘అన్నా, ఆగు! మనకు పైసలు వచ్చేదానికి పిన్ ఎందుకే?’’ అన్నాడు. అప్పుడు చూశా... నా ఖాతాలోంచి 48 వేలు వెళ్లడానికి సిద్ధంగా ఉన్నాయి!

యూపీఐలో డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు, స్కాన్ చేయక్కర్లేదు. ఒకవేళ మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

ఉన్నది ఉన్నట్టు...

ప్రకటన తీసేసి మళ్లీ రాశా. ఈసారి కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి, అన్నివైపులా నేనే ఫొటోలు తీశా. స్క్రీన్ మీద గీత, అరిగిన రబ్బరు గ్రిప్ దగ్గరగా చూపించా. లెన్స్ లోపల ఫంగస్ లేదని తెలిసేలా టార్చి వేసి వీడియో తీశా. బిల్లు, ఛార్జర్, రెండు బ్యాటరీలు పక్కన పెట్టా.

అన్నింటికన్నా ముఖ్యం షట్టర్ కౌంట్. బైకుకి కిలోమీటర్ల రీడింగ్ ఎలాగో కెమెరాకి ఇది అలాగ. డీ750 షట్టర్‌ని కంపెనీ 1,50,000 క్లిక్‌ల వరకూ పరీక్షించింది. నాది 92 వేలు దాటింది. ఆ అంకె దాచకుండా రాశా.

ధర కూడా ఊహించి పెట్టలేదు. అదే మోడల్ ఇతరులు ఎంతకు పెడుతున్నారో చూశా. హైదరాబాద్ కోఠిలో పాత కెమెరాలు కొనే దుకాణానికి ఫోన్ చేసి అడిగా. రెండింటికీ మధ్యలో, 50 ఎంఎం లెన్స్‌తో కలిపి 48 వేలు అన్నా.

రెండు రోజుల్లో నిజామాబాద్ కుర్రాడొకడు ఫోన్ చేశాడు. పార్సిల్ వద్దనుకున్నాం. పగటిపూట కామారెడ్డి బస్టాండ్ పక్కన టీ కొట్టు దగ్గర కలిశాం. తన మెమరీ కార్డు వేసి ఇరవై ఫొటోలు తీసుకున్నాడు. ‘‘గీత ఉన్నదని ముందే చెప్పినవ్ కదన్నా, అందుకే ఇంత దూరమొచ్చిన’’ అన్నాడు. 45 వేలకి బేరం తెగింది. స్క్రీన్‌షాట్ చూసి సరిపెట్టుకోలేదు. నా బ్యాంకు యాప్‌లో డబ్బు పడ్డాకే బ్యాగ్ చేతికిచ్చా. కస్టమర్ల ఫొటోలున్న నా కార్డులు మాత్రం ఇంట్లోనే ఉంచేశా.

మీ బీరువాలోనూ వాడని కెమెరా ఉందా? వానాకాలం వచ్చి లెన్స్‌కి ఫంగస్ పట్టకముందే బయటికి తీయండి. లోపాలతో సహా ఫొటోలు తీసి పెట్టండి. కొనేవాడు వెతుక్కుంటూ వస్తాడు!