కంపైలర్ అరవని చోట్లు

కరీంనగర్ రోడ్ల మీద మూడు రకాల నంబర్ ప్లేట్లు తిరుగుతుంటాయి: పాత ఏపీ 15, రాష్ట్రం వచ్చాక టీఎస్ 02, 2024 మార్చి నుంచి టీజీ 02. ఆదిలాబాద్‌లోనూ అంతే, ఏపీ 01, టీఎస్ 01, టీజీ 01. కోడ్ మారినప్పుడల్లా తిరిగే బండ్లన్నిటినీ ఆపి ప్లేట్లు పీకించి ఉంటే ఎట్లుండేది? ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఒక టైప్ మార్చాల్సి వస్తే ఎదురయ్యే చిక్కు ఇదే.

యూనిక్స్ తరహా సిస్టమ్‌లు 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లతో కాలాన్ని కొలుస్తాయి. ఆ లెక్క ఉండే టైప్ పేరు టైమ్_టి. అది 32 బిట్లదైతే 2,14,74,83,647 దాకే పడుతుంది. అంటే మన గడియారంలో 2038 జనవరి 19 ఉదయం 8:44:07. ఆ మరుసటి సెకను తేదీ 1901 డిసెంబరుకు పడిపోతుంది. అందుకే 64 బిట్లు కావాలి.

హెడర్ ఫైల్లో మార్చేది ఒక్క వరుసే. హెచ్చరికలను తప్పులుగా లెక్కగట్టే బిల్డ్ మాత్రం ఎక్కడికక్కడ ఆగుతుంది. సమయాన్ని '%ఎల్‌డీ'తో ప్రింట్ చేసే ప్రతిచోటా కంపైలర్ అరుస్తుంది. లాంగ్‌గా కాస్ట్ చేసి దాని నోరు మూయించొచ్చు కానీ, 32 బిట్ల మెషీన్‌లో ఆ కాస్ట్ సంఖ్య పై సగాన్ని కోసేస్తుంది. జబ్బు జబ్బుగానే ఉండి, లక్షణం ఒక్కటే పోతుంది. 'లాంగ్ లాంగ్'గా కాస్ట్ చేసి '%ఎల్‌ఎల్‌డీ' వాడితే టైప్ పాతదైనా కొత్తదైనా నడుస్తుంది. కాబట్టి ఈ సవరణలను ముందే చిన్న ప్యాచ్‌లుగా పంపి, ఒక్కో ప్యాచ్‌కు బిల్డ్ అవుతుందో లేదో చూసుకుని, టైప్‌ను అన్నిటికన్నా చివర మార్చాలి.

నిజానికి కంపైలర్ అరిస్తే అదృష్టమే. సమయాన్ని ఇంట్‌లో దాచిన కోడ్, డిస్క్ మీద నాలుగు బైట్లుగా రాసిన రికార్డులు, ఎప్పుడో కంపైలైన ప్రోగ్రాములు చాలాసార్లు చప్పుడు చేయవు. పాత ప్రోగ్రాము ఇచ్చిన చిన్న చోటులో కొత్త కర్నెల్ పెద్ద విలువ రాస్తే పక్క మెమరీ చెడుతుంది.

2014 మేలో వచ్చిన యూనిక్స్ తరహా సిస్టమ్ ఓపెన్‌బీఎస్‌డీ 5.5 తెగించి ఒక్కసారే మార్చేసింది. పాత ప్రోగ్రాములు మళ్లీ కంపైల్ చేసుకోవాల్సిందే. సిస్టమ్ అంతా ఒకే జట్టు చేతిలో ఉంది కాబట్టి చెల్లింది. లైనక్స్‌కు ఆ వెసులుబాటు లేదు. 2019లో 5.1 కర్నెల్ పాత సిస్టమ్ కాల్స్‌ను ఉంచి, పక్కనే క్లాక్_గెట్‌టైమ్64 లాంటివి చేర్చింది. 2024లో లైనక్స్ పంపిణీ డెబియన్ 32 బిట్ల ఏఆర్‌ఎం కోసం టైప్ మార్చి, ఆ మార్పు తగిలిన లైబ్రరీ ప్యాకేజీల పేర్లకు 'టీ64' తగిలించింది. 32 బిట్ల ఇంటెల్ తరహా పీసీల ఐ386ను మాత్రం కావాలనే ముట్టుకోలేదు. అది ఇంకా ఉన్నదే పాత ప్రోగ్రాములు నడపడానికి.